తలుపు వెయ్యి, తాళం వెయ్యి, గడియ వెయ్యి… ఇంగ్లీషులో ఒక్కోదానికి ఏ మాట వాడాలి?

నీ ప్రశ్న చదివితే నాకు నవ్వు రాలేదు తమ్ముడూ, నా పాత రోజులు గుర్తొచ్చాయి. తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్నేంటో రెండు ముక్కల్లో చెప్తా. ఈ తమ్ముడు ఒక గోడౌన్‌లో డిస్పాచ్ చూస్తాడు, లోడు లారీ బయల్దేరే ముందు ఆఫీసు గ్రూపులో ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాలి. ‘ఐ క్లోజ్డ్ ద లోడ్ విత్ రోప్, లాక్డ్ ద బెల్ట్ అండ్ టైడ్ ద డోర్’ అని పెడితే అందరూ నవ్వే బొమ్మలు పెట్టారంట. క్లోజ్, షట్, లాక్, ఫాస్టెన్, సెక్యూర్, టై, టైటెన్, ఫిక్స్, ఏది తీసి డిక్షనరీలో చూసినా మూయు, కట్టు, బిగించు అనే ఉంది, మరి తేడా ఎలా తెలుస్తుంది అని అడిగాడు.

నేను చేసేది కంపెనీల మాన్యువల్స్, వాడే విధానం కాగితాలు, సేఫ్టీ బోర్డులు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చే పని. 17 ఏళ్ళయింది. కుక్కరు, వాషింగ్ మెషీను, నిచ్చెన, పిల్లల కారు సీటు, కరెంటు ప్యానెలు, ఏది తీసుకున్నా పేజీకి పదిసార్లు ఈ మాటలే తగులుతాయి. కొత్తలో ఒక వంటసామాను మాన్యువల్ వచ్చింది, అందులో ‘సెక్యూర్ ద లిడ్ బిఫోర్ హీటింగ్’ అని ఉంది. నేను బుద్ధిగా డిక్షనరీ చూసి ‘వేడి చేసే ముందు మూతను భద్రపరచండి’ అని రాసి పంపా. ఎడిటర్ మేడమ్ ఫోన్ చేసి, ‘ఏమండీ, మూత బీరువాలో పెట్టాలా, బ్యాంకు లాకర్లో పెట్టాలా?’ అన్నారు. ఆవిడ కోప్పడలేదు గానీ అలా అడగడం కన్నా తిట్టినా బాగుండేది. మూత కదలకుండా గట్టిగా బిగించండి అని రాయాల్సింది. ఆ రోజు నుంచి నేను ఈ మాటల వెంట పడ్డా, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా, ఓపికుంటే చదువు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మన భాషలో బరువంతా వస్తువు పేరు మోస్తుంది, క్రియ ఊరికే దాని వెనకాల నడుస్తుంది. తలుపు వెయ్యి, తాళం వెయ్యి, గడియ వెయ్యి, ముడి వెయ్యి, లంగరు వెయ్యి, అన్నిటికీ ‘వెయ్యి’ ఒక్కటే. గుండీ పెట్టుకో, పిన్నీసు పెట్టుకో, సీటు బెల్టు పెట్టుకో, మూత పెట్టు, అన్నిటికీ ‘పెట్టు’. తియ్యడానికైతే అన్నిటికీ కలిపి ‘తియ్యి’. మనకి ఇబ్బందేం లేదు, తాళం అన్న మాట ముందే వచ్చేసింది కాబట్టి వినేవాడికి పని అర్థమైపోతుంది. ఇంగ్లీషువాడు అలా కాదు, వస్తువు పేరునే పట్టుకుని క్రియ చేసేస్తాడు. బటన్ పెట్టుకోవడం అంటే బటన్ చెయ్యడమే, బకల్ పెట్టడం బకల్ చెయ్యడమే, జిప్, హుక్, క్లిప్, పిన్, స్టేపుల్, స్క్రూ, బోల్ట్, రివెట్, టేప్, గ్లూ, చైన్, స్ట్రాప్, క్లాంప్, లాచ్, లాక్, ఇవన్నీ వస్తువులూ అవే, పనులూ అవే. మన లారీ డ్రైవర్లు ఎత్తు మీద బండి ఆపినప్పుడు టైరు కింద రాయి పెడతారు చూడు, ఆ అడ్డుపెట్టే ముక్కని చాక్ అంటారు, పెట్టడాన్ని కూడా చాక్ అనే అంటారు, ‘చాక్ ద వీల్స్’ అని.

కాబట్టి సగం ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరికిపోతుంది. నీ చేతిలో ఉన్న వస్తువుకి ఇంగ్లీషు పేరేంటో తెలుసుకో, చాలాసార్లు క్రియ కూడా అదే. అన్నిటికీ కుదరదనుకో. మూతకి లిడ్ అనే పేరున్నా ‘లిడ్ ద పాట్’ అని ఎవరూ అనరు, ‘పుట్ ద లిడ్ ఆన్’ అంటారు. కీ అంటే తాళంచెవి గదా అని ‘కీ ద డోర్’ అంటే తలుపుకి తాళం పడదు, కీ ఇన్ అనేది కంప్యూటర్లో టైపు చేసేటప్పటి మాట.

ఇందులో మనవాళ్ళు బోల్తా పడేది జిప్పు దగ్గర. ప్యాంటు జిప్పునీ బ్యాగు జిప్పునీ మనం ‘చైన్’ అంటాం, చైన్ ఊడింది, చైన్ పట్టేసింది, చైన్ వెయ్యి. అదే మాట ఇంగ్లీషులోకి తీసుకెళ్ళి ‘క్లోజ్ ద చైన్ ఆఫ్ ద బ్యాగ్’ అంటే వాడికి ఏ గొలుసో అర్థం కాదు. ‘జిప్ అప్ ద బ్యాగ్’ అనాలి. ‘చైన్ ద బ్యాగ్’ అంటే రైల్లో రాత్రి పడుకునే ముందు సూట్‌కేసుని బెర్తు కింద రింగుకి గొలుసేసి తాళం వేస్తాం చూడు, అది. జిప్పర్ అనే పేరు కూడా పుట్టుకతో వచ్చింది కాదు, అమెరికాలో జడ్సన్ అనే ఆయన 1893లో మొదటి రకానికి పేటెంట్ తీసుకున్నప్పుడు దాన్ని క్లాస్ప్ లాకర్ అన్నాడు, ఇప్పుడు మనం వాడే రకాన్ని సుండ్‌బాక్ అనే ఇంజినీరు తయారుచేసి 1917లో పేటెంట్ తీసుకున్నాడు, 1923లో గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీ వాళ్ళు తమ రబ్బరు బూట్లకి జిప్పర్ అని పేరు పెట్టారు, జిప్‌మని లాగితే వచ్చే శబ్దం నుంచి. బూటు పేరు కాస్తా ఆ పళ్ళ వరసకి అంటుకుపోయింది. వెల్క్రోది ఇంకో కథ, స్విట్జర్లాండులో డి మెస్ట్రాల్ అనే ఇంజినీరు 1941లో కుక్కని తీసుకుని షికారుకెళ్ళి వస్తే దాని బొచ్చుకి, మన ఉత్తరేణి గింజలు పంచెకి అంటుకున్నట్టు, ముళ్ళ కాయలు అంటుకున్నాయంట, వాటిని సూక్ష్మదర్శినిలో చూస్తే కొసన కొక్కేలు కనిపించాయి, ఆ కిటుకుతోనే ఈ పట్టీ తయారుచేశాడు. వెల్క్రో అనేది కంపెనీ పేరు కాబట్టి మాన్యువల్లో వెల్క్రో అని రాయనివ్వరు, హుక్ అండ్ లూప్ అని రాయాలి, తెలుగులో నేను ‘అంటుకునే పట్టీ’ అని రాస్తా, షాపువాళ్ళు మాత్రం వెల్క్రో అనే అంటారు.

ఇక మిగిలిన సగం. వస్తువు పేరు లేకుండా ఉన్న మాటలు, క్లోజ్, షట్, ఫాస్టెన్, సెక్యూర్, టైటెన్, ఫిక్స్. వీటికి ఒక తలుపు దగ్గర నిలబడి ఆలోచిద్దాం, అన్నీ అక్కడే తేలతాయి.

తలుపు తెరిచి ఉంది, మధ్యలో సందుంది. ఆ సందు లేకుండా చెయ్యడమే క్లోజ్, షట్ కూడా అదే. గాలికి మళ్ళీ తెరుచుకుంటుందా, దొంగ వస్తాడా అనేదాంతో ఈ రెండిటికీ సంబంధం లేదు. తలుపు మూశాక నాలుక లోపలికి పడి టక్కుమంటుంది చూడు, అది లాచ్. లోపల్నుంచి అడ్డంగా కడ్డీ తోస్తాం, మన గడియ, అది బోల్ట్. పాత ఇళ్ళల్లో రెండు తలుపులకీ కలిపి వెనక అడ్డంగా దుంగ పెట్టేవాళ్ళు, అడ్డగడియ అంటాం, అది బార్. తాళంచెవి తిప్పితే లాక్. గొళ్ళెం ఒక్కటే పెట్టి తాళం వెయ్యకుండా వెళ్ళావనుకో, అది లాక్ కాదు, ‘డోర్ లాక్డ్’ అని రాస్తే అబద్ధం రాసినట్టే. వీటన్నిట్లో ఏది చేసైనా సరే, ఆ తలుపు ఇంక తెరుచుకోదు అన్న ధీమా వచ్చిందంటే అప్పుడు సెక్యూర్. అంటే సెక్యూర్ అనేది చేతి పని పేరు కాదు, ఫలితం పేరు. ఇదొక్కటి పట్టుకుంటే చాలా తికమక పోతుంది.

మన తెలుగులో ఉన్న ఒక అందమైన మాటకి మాత్రం వాళ్ళ దగ్గర సరైన క్రియ లేదు, చేరవెయ్యి. తలుపు చేరవేసి రా అంటాం కదా, మూసినట్టే ఉండాలి, గడియ పడకూడదు, పిల్లి తోస్తే తెరుచుకోవాలి. ఇంగ్లీషులో దానికి ‘పుల్ ద డోర్ టు’ అంటారు, టు దగ్గర ఆగిపోతారు, ఆ తర్వాత ఏం ఉండదు. మొదటిసారి చూసినప్పుడు వాక్యం సగంలో తెగిపోయిందేమో అనుకుని క్లయింటుకి మెయిల్ కూడా పెట్టా. ఇంకోటి, మనం బయటికి వెళ్తూ లోపలున్న మనిషితో ‘నే వెళ్ళొస్తా, తలుపేసుకో’ అంటాం. ఆ ‘కో’లో ఎంత ఉందో చూడు, నీ కోసం నువ్వే లోపల్నుంచి వేసుకో అని. వాళ్ళకి ‘లాక్ ద డోర్ బిహైండ్ మీ’ అని తిప్పి చెప్పుకోవాల్సిందే.

క్లోజ్‌కీ షట్‌కీ తేడా అడిగావు. తలుపు, కిటికీ, పెట్టె, కళ్ళు, నోరు, వీటికి ఏది వాడినా పర్వాలేదు, షట్ కొంచెం విసురుగా, చప్పుడు చేస్తూ ఉంటుంది, క్లోజ్ మర్యాదగా ఉంటుంది. అందుకే పంటి డాక్టరు ‘క్లోజ్ యువర్ మౌత్’ అంటాడు, గొడవలో ఉన్నవాడు షట్ అంటాడు. చేత్తో ముయ్యలేని వాటికి క్లోజే, మీటింగు, అకౌంటు, కేసు, ఫైలు. అలాగే వస్తువు పేరుకి ముందు పెట్టేటప్పుడు క్లోజ్డ్ డోర్ అంటారు, షట్ డోర్ అని మామూలుగా అనరు. పుట్టుక చూస్తే షట్ అనేది పాత ఇంగ్లీషులో గడియ తోయడానికి ఉన్న మాట, షూట్‌కి చుట్టం, ఇప్పటికీ గడియ తోయడాన్ని ‘షూట్ ద బోల్ట్’ అనే అంటారు. అంటే వాళ్ళకీ ఒకప్పుడు తలుపు వెయ్యడం, గడియ వెయ్యడం ఒకటే మాటలో ఉండేవన్నమాట, మనల్ని నవ్వడానికి లేదు.

క్లోజ్ పలకడంలో ఒక తిరకాసుంది. తలుపు మూసే క్లోజ్‌లో చివర తేనెటీగ శబ్దం లాంటిది వస్తుంది, దగ్గర అనే అర్థం వచ్చే క్లోస్‌లో చివర పాము బుస. మనం తెలుగులో రెండూ ‘క్లోజ్’ అనే రాస్తాం, క్లోజ్ ఫ్రెండ్ అంటాం, వింటే వాళ్ళకి మూసేసిన స్నేహితుడిలా ఉంటుందేమో. ఫాస్టెన్‌లో అయితే టీ పలకకూడదు, ‘ఫాసెన్’ అనాలి, లిసన్, కాసిల్, విసిల్ లాగే. విమానంలో ఎయిర్‌హోస్టెస్ చెప్పేటప్పుడు ఈసారి చెవి పెట్టి విను. నేను కింద కూడా ఫాస్టెన్ అనే రాస్తా, అందరికీ కంటికి అలవాటైన మాట కాబట్టి.

ఫాస్ట్ అంటే వేగం అనే మనకి తెలుసు. దాని పాత అర్థం కదలకుండా గట్టిగా ఉండటం. రంగు వెలవని బట్టని కలర్ ఫాస్ట్ అంటారు, చీరల షాపులో లేబుల్ మీద చూసే ఉంటావు, రంగు వేగంగా పోతుందని కాదు, అంటుకుని ఉంటుందని. గాఢనిద్రని ఫాస్ట్ అస్లీప్ అంటారు, పడవని రేవులో తాడేసి కట్టెయ్యడాన్ని మేక్ ఫాస్ట్ అంటారు. ఉపవాసానికి ఫాస్ట్ అనే మాట కూడా ఈ వేరు నుంచే, పట్టు పట్టి ఉండటం. ఆ ఫాస్ట్‌కి తోక తగిలిస్తే ఫాస్టెన్, గట్టిపడేలా చెయ్యడం. కాబట్టి ఫాస్టెన్ ఎక్కడ వస్తుందంటే, రెండు కొసలు ఒకదానికొకటి తగిలించి పట్టి ఉండేలా చేసినప్పుడు, లేదా ఒక వస్తువుని ఇంకోదానికి పట్టి ఉండేలా చేసినప్పుడు. సీటు బెల్టు, హెల్మెట్ పట్టీ, గొలుసు కొక్కెం, జాకెట్ హుక్కులు. తలుపుకి వాడొచ్చు గానీ అది పాతకాలపు ఇంగ్లీషులా ఉంటుంది. సంచికి, సీసాకి, షాపుకి వాడకు.

ఫాస్టెన్, సెక్యూర్ రెండూ పక్కపక్కన ఎలా ఉంటాయో చూడాలంటే మన చట్టమే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్లో హెల్మెట్ గురించి చెప్తూ తలకి పట్టీలతో ‘సెక్యూర్లీ ఫాస్టెన్డ్’ అయి ఉండాలి అని రాశారు. ఫాస్టెన్ అంటే గడ్డం కింద క్లిప్పు పెట్టడం, సెక్యూర్లీ అంటే పడినప్పుడు ఊడిపోనంత గట్టిగా పెట్టడం. పోలీసు కనపడగానే తల మీద బోర్లించుకుని పట్టీ వేలాడదీసే బ్యాచ్ ఉంది చూడు, వాళ్ళు ఆ సెక్షన్ ప్రకారం హెల్మెట్ పెట్టుకున్నట్టే కాదు.

అయితే ఇళ్ళల్లో మాట్లాడే ఇంగ్లీషులో ఫాస్టెన్ పెద్దగా వినపడదు, అది బోర్డుల మీదా అనౌన్స్‌మెంట్లలోనూ ఉండే మాట. పిల్లాడికి చొక్కా తొడిగే ఇంగ్లండు తల్లి ‘డూ అప్ యువర్ బటన్స్’ అంటుంది, డూ అప్ అంటే గుండీలైనా, జిప్పైనా, బూటు లేసులైనా సరిపోతుంది, మన ‘పెట్టుకో’ లాగా. విప్పడానికి అన్‌డూ. ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు, లండన్‌లో ఉంటున్న మా చెల్లెలి ఇంట్లో రెండు నెలలున్నప్పుడు మేనకోడలి నోట్లోంచి నేర్చుకున్నా. ఆరేళ్ళ పిల్ల నాకు ‘మామయ్యా, నీ జిప్ డూ అప్ చేసుకో’ అని నలుగురిలో చెప్పింది, అలాంటి పాఠం మర్చిపోతామా.

ఊడిపోవడం గురించి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. ‘గుండీ ఊడిపోయింది’ అన్నామనుకో, కాజాలోంచి జారి బయటికొచ్చిందా, దారం తెగి కిందపడిందా మనకి చూస్తే గానీ తెలీదు. ఇంగ్లీషులో మొదటిది కేమ్ అన్‌డన్, రెండోది కేమ్ ఆఫ్. ఇంకా పడలేదు గానీ లొడలొడలాడుతోంది అంటే కేమ్ లూజ్. నట్టు గురించి రిపోర్టు రాసేటప్పుడు ఈ తేడా ప్రాణాల మీదికొస్తుంది, లూజ్ అంటే స్పానర్ తీసుకెళ్తే చాలు, కేమ్ ఆఫ్ అంటే నట్టు ఎక్కడ పడిందో ముందు వెతకాలి. తియ్యడానికి ముందర అన్ చేరిస్తే చాలావాటికి సరిపోతుంది, అన్‌లాక్, అన్‌జిప్, అన్‌టై, అన్‌బకల్, అన్‌స్క్రూ. క్లోజ్‌కీ షట్‌కీ మాత్రం అలా చేర్చరు, వాటికి ఓపెన్ ఉంది కాబట్టి.

బిగించు దగ్గర మనకి రెండు పనులు ఒకే మాటలో ఉన్నాయి. ‘ఫ్యాన్ బిగించావా’ అంటే కొత్తగా పెట్టావా అని, ‘స్క్రూ బిగించు’ అంటే ఉన్నదాన్నే ఇంకో చుట్టు తిప్పు అని. టైటెన్ రెండోదానికే. ఫ్యాన్ టైటెన్ చెయ్యడం కుదరదు, ఇన్‌స్టాల్ చెయ్యాలి, లేదా ‘పుట్ అప్’. ఫిక్స్ అంటే ఇంకో పేచీ, మనం పెళ్ళీ ఫిక్స్ చేస్తాం, ఫ్యానూ ఫిక్స్ చేస్తాం, రేటూ ఫిక్స్ చేస్తాం. గోడకి బిగించడం అనే అర్థంలో ఫిక్స్ బ్రిటిష్ ఇంగ్లీషులో బానే నడుస్తుంది, అమెరికా వాడికి ‘ఐ ఫిక్స్డ్ ద ఫ్యాన్’ అంటే పాడైనదాన్ని బాగుచేశావు అని అర్థమవుతుంది. మీ ఆఫీసుకి అమెరికా క్లయింట్లు ఉంటే ఆ మాట జోలికి పోకు.

కట్టు మాట మొదలుపెడితే తెల్లారుతుంది. మనం పశువునీ కడతాం, మోపునీ కడతాం, ఇల్లూ కడతాం, ఫీజూ కడతాం, చీరా కడతాం, తాళీ కడతాం. తాడుతో ముడేసేదానికే టై. గేదెని గుంజకి పలుపుతో కడితే టెదర్, పడవని రేవులో కడితే మూర్, సామాను లారీ మీద కదలకుండా తాళ్ళతో అటూ ఇటూ లాగి కడితే లాష్, వెడల్పాటి పట్టీలతో అయితే స్ట్రాప్ డౌన్. చీరకి టై వాడకు, డ్రేప్ అనో వేర్ అనో అనాలి. పెళ్ళికి మాత్రం వాళ్ళూ ‘టై ద నాట్’ అనే అంటారు, మూడు కాకపోయినా ఒక్క ముడి అక్కడా పడుతుంది.

ఇంకా ట్యాపు కట్టెయ్యి, గ్యాస్ కట్టెయ్యి అంటాం, వీటికి టర్న్ ఆఫ్. ‘క్లోజ్ ద ట్యాప్’ అంటే అర్థమవుతుంది గానీ వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అదే పైపు లైన్లో ఉన్న వాల్వు అయితే క్లోజే సరైన మాట, ప్లాంటు సూచనల్లో ‘క్లోజ్ ద వాల్వ్’ అనే ఉంటుంది. లైటుకీ ఫ్యానుకీ క్లోజ్ అసలు వద్దు.

సీల్ గురించి జాగ్రత్త. తెలుగులో సీలు వెయ్యి, సీలు కొట్టించుకు రా అంటే ఆఫీసు ముద్ర, దాన్ని ఇంగ్లీషులో స్టాంప్ అనాలి. సీల్ అంటే విప్పితే తెలిసిపోయేలా మూసెయ్యడం, లేకపోతే గాలి నీరు దూరకుండా మూసెయ్యడం. పేపర్లో ‘హోటల్ సీజ్ చేసిన అధికారులు’ అని రాస్తారు, చాలాసార్లు వాళ్ళు చేసింది సీల్, సీజ్ అంటే స్వాధీనం చేసుకుని పట్టుకుపోవడం. మా ఆవిడ టీచరు, ఎలక్షన్ డ్యూటీ పడితే ట్రైనింగ్ నుంచి వచ్చి నాకు మళ్ళీ పాఠం చెప్పేది. పోలింగ్ అయ్యాక ఓటింగ్ మిషను కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్ అనే బటన్ నొక్కాలి, నొక్కాక ఇంక ఒక్క ఓటు కూడా పడదు. తర్వాత స్విచ్ ఆఫ్ చెయ్యాలి. తర్వాత పెట్టెలో పెట్టి సీల్ చెయ్యాలి. ఒకే మిషను, మూడు మాటలు, మూడు వేరే పనులు, క్లోజ్ చేశాం గదా అని సీల్ మానేస్తే ఉద్యోగానికే ఎసరు.

లాక్ కుటుంబం మనకి బాగా దగ్గరిది, లాకరు, లాకప్పు, లాకౌట్, 2020 మార్చి నుంచి లాక్‌డౌన్, నాలుగూ తెలుగు మాటలైపోయాయి. వీటిల్లో లాకౌట్‌తోనే నీలాంటి వాళ్ళకి ముప్పు. మన పేపర్లలో లాకౌట్ అంటే యాజమాన్యం ఫ్యాక్టరీ గేటు మూసి కార్మికుల్ని రానివ్వకపోవడం. ఫ్యాక్టరీ సేఫ్టీ బోర్డు మీద లాక్‌అవుట్ ట్యాగ్‌అవుట్ అని ఉంటే అది పూర్తిగా వేరే, రిపేరు చేసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి దానికి తాళం వేసి, తాళంచెవి రిపేరు చేసేవాడే జేబులో పెట్టుకుని, ఎవరూ ఆన్ చెయ్యొద్దని పేరుతో చీటీ తగిలించడం. అమెరికాలో 1989 నుంచి దీనికి ప్రత్యేకంగా రూలుంది. ఒకసారి ఒక ప్లాంటు వాళ్ళు వాళ్ళ దగ్గరే ఎవరితోనో చేయించిన తెలుగు బోర్డు నాకు చూపించారు, ‘రిపేరు సమయంలో లాకౌట్ ప్రకటించండి’ అని ఉంది. చదివిన కార్మికులు ఎంత కంగారు పడ్డారో పాపం. నేను దాన్ని ‘స్విచ్ ఆపి, తాళం వేసి, చీటీ కట్టాకే మిషను ముట్టుకోండి’ అని మార్చా.

ఇప్పుడు మళ్ళీ సెక్యూర్, ఎందుకంటే నీ పనికి కావాల్సింది అదే. లోడుని క్లోజ్ చెయ్యలేం, సందు లేదు కాబట్టి. లోడుని సెక్యూర్ చేస్తాం, తాడుతోనా, బెల్టుతోనా, గొలుసుతోనా, చెక్క ముక్కలు అడ్డం పెట్టా అనేది నీ ఇష్టం, లారీ సడన్ బ్రేకేసినా సామాను కదలకూడదు, అంతే. నిచ్చెనని సెక్యూర్ చెయ్యమంటే పైన కట్టడమో కింద మనిషి పట్టుకోవడమో. అయితే ‘సెక్యూర్డ్ ఎ జాబ్’ అంటే ఉద్యోగం సంపాదించాడు అని, ‘సెక్యూర్డ్ 92 మార్క్స్’ అంటే తెచ్చుకున్నాడు అని, ఇవి వేరే దారి. వస్తువు ముందుంటే కదలకుండా చెయ్యి అని, ఉద్యోగమో లోనో ముందుంటే చేజిక్కించుకున్నారని అర్థం చేసుకో.

నీ మెసేజ్‌కి వద్దాం. ‘లాక్డ్ ద బెల్ట్’లో నువ్వు చెప్పాలనుకున్నది రాట్చెట్ పట్టీ, అంటే హ్యాండిల్ ఆడించేకొద్దీ బిగుసుకునే బెల్టు, దాని హ్యాండిల్ కొట్టి బిగించడం అనుకుంటా, దానికి ఫాస్టెన్డ్ అండ్ టైటెన్డ్, కొక్కెం తగిలించడం ఫాస్టెన్, లాగి బిగించడం టైటెన్. డోరుని టై చేశా అన్నావు, నిజంగా తాడుతోనే కట్టి ఉంటే అది తప్పు ఇంగ్లీషు కాదు, కానీ వెనక డోరు తాడుతో కట్టి పంపుతున్నావంటే ఆఫీసువాళ్ళు నవ్వడం కాదు, కంగారు పడాలి. పిన్ను పెట్టావంటే ‘పిన్డ్’, తాళం వేస్తే ‘లాక్డ్’.

ఓపెన్ బాడీ లారీ అయితే ఇలా పెట్టు: ‘లోడ్ కవర్డ్ విత్ టార్పాలిన్ అండ్ సెక్యూర్డ్ విత్ రోప్స్ అండ్ స్ట్రాప్స్. స్ట్రాప్స్ టైటెన్డ్ అండ్ చెక్డ్. రేర్ డోర్ క్లోజ్డ్ అండ్ లాక్డ్.’ కంటైనర్ అయితే చివర్న ‘డోర్స్ క్లోజ్డ్, లాక్డ్ అండ్ సీల్డ్’ అని రాసి పక్కనే బోల్ట్ సీల్ (కోస్తే గానీ ఊడని ఇనుప సీలు) మీదున్న నంబరు వెయ్యి, ఆ నంబరు లేకపోతే సీల్డ్ అని ఎన్నిసార్లు రాసినా అక్కడ దించుకునేవాడు ఒప్పుకోడు. ఇంకోటి, రోప్స్ అని ఊరికే రాయకుండా ఎన్నో కూడా రాయి, తిరిగొచ్చిన లారీలో ఒకటి తక్కువైతే డ్రైవర్తో మాట్లాడ్డానికి నీ దగ్గర లెక్కుంటుంది.